స్క్రూల మీద ఎర్ర రంగు

"ఎడమ స్పీకర్ మళ్ళీ మూగబోయింది. వెర్లిన్‌కి ఫోన్ చేస్తాను," అన్నాడు హార్లన్.

మార్లిస్ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. "ఇవాళ గురువారమేగా?"

"అయితే?"

"ఏం లేదు. నీ స్పీకర్‌కి వారాలు బాగా తెలుసు అంటున్నాను."

ఆ స్పీకర్లు పెళ్ళయిన కొత్తలో కొన్నవి. మామూలు వాటిలా పెట్టెలు కావు. తలుపంత పొడుగు, తలుపంత పలచన. పల్చటి పొర మీద సన్నటి తీగలు అంటించి, పైన గుడ్డ కప్పి ఉంటాయి. వెనక, అడుగున, ఆరు స్క్రూలు బిగించిన రేకు చాటున క్రాసోవర్ ఉంటుంది. కీచు స్వరాలను, మంద్ర స్వరాలను విడదీసి పంపేది అదే. జనవరిలో మొదటిసారి అందులో కెపాసిటర్ పోయింది. నలభై ఏళ్ళది, దాని తప్పేం లేదు. మరుసటి గురువారం ఒక తీగ ఊడింది. ఆ పై గురువారం ఇంకోటి. ప్రతిసారీ హార్లన్ స్నేహితుడు వెర్లిన్ వచ్చి టంకం పెట్టడం, భోజనం చేసి వెళ్ళడం.

"ముప్పై ఏళ్ళు టెలిఫోన్ తీగలు కలిపినవాడివి. నువ్వే అతికించుకోవచ్చుగా?"

"చేతులు వణుకుతున్నాయి, చూస్తున్నావుగా."

అదీ నిజమే. నెల రోజులుగా అతను కాఫీ పోస్తే సగం బల్ల మీదే. చివరికి ఆవిడే పోస్తోంది.

మార్లిస్ అనుమానం ఊరికే పుట్టలేదు. వెర్లిన్ భార్య ఆర్డిస్ అక్టోబరులో పోయింది. ఒంటరిగా ఉన్నాడని నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ విందుకు పిలిచారు. ఆ ఊళ్ళో మర్యాదస్తులు రెండుసార్లు వద్దని, మూడోసారి సరేనంటారు. వెర్లిన్ మూడోసారి కూడా వద్దన్నాడు. క్రిస్మస్‌కీ అంతే. స్పీకర్ పాడైందనగానే మాత్రం పది నిమిషాల్లో బూట్ల మంచు దులుపుకుంటూ గుమ్మంలో ఉన్నాడు. మనుషుల కోసం రానివాడు స్పీకర్ కోసం వచ్చాడంటే ఏమనుకోవాలి? పైగా, "అమ్మితే ముందు నాకే చెప్పాలి," అని ఎప్పుడో ఒకసారి అన్నాడు కూడా. వారానికల్లా ఊడిపోయేలా అరకొరగా టంకం పెట్టి, వీళ్ళను విసిగించి, వాటిని కాజేయాలని చూస్తున్నాడు. ఆవిడ అలాగే తేల్చుకుంది.

"ఇవాళ మొహం మీదే అడిగేస్తాను. ఇక మా ఇంటికి రావద్దంటాను."

హార్లన్ మొహం పాలిపోయింది. "అంత మాట అనకు. వాడికి ఇంకెవరున్నారు?"

"సాక్ష్యం లేకుండా అననులే."

సాక్ష్యం సంగతి అతనికి చెప్పలేదు. పోయిన గురువారం వెర్లిన్ వెళ్ళగానే, హార్లన్ బయట మంచు తోడుతుంటే, ఆవిడ ఆరు స్క్రూల మీదా ఎర్ర గోళ్ళరంగు పెట్టింది. సగం స్క్రూ మీద, సగం రేకు మీద. ఎవరు తిప్పినా రంగు చిట్లుతుంది. రంగు చెక్కుచెదరకుండా లోపల తీగ ఊడిందంటే, అది వెర్లిన్ నిర్వాకమే. తరువాత హార్లన్ వచ్చి స్పీకర్‌ను గోడ వైపుకు తిప్పి నెట్టేశాడు గానీ ఆ రంగు అతని కంట పడలేదు.

 

వెర్లిన్ వచ్చాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది.

"భోంచేసి వెళ్ళు. ఓవెన్‌లో మాంసం హాట్‌డిష్ చేసింది," అన్నాడు హార్లన్.

"అబ్బే, వద్దు."

"బంగాళదుంపలు దండిగా వేసింది."

"వద్దులేరా, మీకెందుకు ఇబ్బంది?"

"పని చేయించుకుని పస్తు పంపమంటావా?"

"సరే, పని చేస్తున్నాను కాబట్టి, కొంచెం."

ఆ మర్యాదకు మార్లిస్‌కు ఒళ్ళు మండింది. మగవాళ్ళిద్దరూ స్పీకర్‌ను ముందుకు జరిపి తిప్పారు. వెర్లిన్ స్క్రూడ్రైవర్ తీశాడు.

"ఆగు, దాన్ని ముట్టుకోకు," అంది ఆవిడ. టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని, దగ్గరగా వంగి చూసింది.

ఆరింటి మీదా రంగు చిట్లి ఉంది. ఎర్రటి పొట్టు కార్పెట్ మీద రాలి ఉంది. వారం రోజులుగా వెర్లిన్ ఈ గడప తొక్కలేదు.

"ఏమైంది మార్లిస్?" అన్నాడు వెర్లిన్.

ఆవిడ టార్చి ఆర్పి లేచింది. "ఏం లేదు. కానివ్వు."

వెర్లిన్ రేకు విప్పి, ఊడిన తీగ చూసి, ఏదో పాట కూనిరాగం తీస్తూ టంకం వేడిచేయసాగాడు. ఆర్డిస్ పోయాక అతని గొంతులో పాట వినడం ఇదే మొదటిసారి.

మార్లిస్ వెనక్కి తిరిగింది. హార్లన్ కళ్ళన్నీ వెర్లిన్ మీదే ఉన్నాయి. ఒంటి చేత్తో కాఫీ కూజా ఎత్తి, మూడు కప్పులూ అంచుల దాకా నింపుతున్నాడు.

ఒక్క చుక్క తొణకలేదు.