పేజీ నంబరు లేని మాట

వ్యాసాల కట్ట విప్పగానే టీచరమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

పదో తరగతి పిల్లలు రాసిన ముప్పై ఎనిమిది వ్యాసాలు. ప్రతి వ్యాసం అంచునా పెన్సిలుతో, వంకరటింకర అక్షరాల్లో ఒకటే మాట: 'పరుగెత్తాడు.'

కట్ట ఉన్న స్టాఫ్ రూంకి తాళంచెవులు రెండే. ఒకటి హెడ్మాస్టరు దగ్గర, రెండోది గంట తాత దగ్గర.

గంట తాత మూడు నెలల కిందట ఎక్కణ్ణుంచో వచ్చి పనిలో చేరాడు. గంట కొడతాడు, గదులు ఊడుస్తాడు. నవల పాఠం మొదలైందంటే మాత్రం చీపురు పక్కన పడేసి, పదో తరగతి కిటికీ కింద చతికిలబడతాడు. ఈ వయసులో చదువు మీదికి గాలి మళ్లిందని టీచర్లు నవ్వుకునేవారు.

"ఇది నీ పనేనా తాతా?"

"నా పనేనమ్మా. తప్పయితే క్షమించు."

"తప్పు కాక ఒప్పా! ఎవరు పరుగెత్తింది?"

"గేటు మనిషి."

ఆ నవల నిజంగా జరిగిన సంగతి మీద రాసిందే. ముప్పై ఏళ్ల కిందట గేటు దాటుతున్న బడి వ్యాన్ని రైలు గుద్దింది. పదకొండుమంది పిల్లలు పోయారు. నవల్లో గేటు మనిషి తాగి పడుకుంటాడు, గేటు తెరిచే ఉంటుంది.

'అతను దోషా, కాదా? ఒక పక్షం పట్టుకుని చదివేవాళ్లని ఒప్పించండి' అని టీచరమ్మ పిల్లలకి పని ఇచ్చింది. ముప్పై ఎనిమిదిమందీ దోషి అనే రాశారు. ఒకడైతే ఆవేశం పట్టలేక ఉరిశిక్ష కూడా వేసేశాడు.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ప్రతి వాదన పక్కనా పేజీ నంబరు వెయ్యాలి. నంబరు లేని మాటకి మార్కు లేదు.

"వాడు తాగలేదమ్మా," అన్నాడు తాత. "గేటు దించే తీగ తెగిపోయింది. బాగుచెయ్యమని అంతకుముందే మూడుసార్లు పైవాళ్లకి కబురు పెట్టాడు. ఆ రోజు ఎర్రజెండా పట్టుకుని రైలుకి ఎదురు పరుగెత్తాడు."

"ఏ పేజీలో ఉంది?"

"పుస్తకంలో లేదమ్మా."

"పుస్తకంలో లేనిది చెల్లదు తాతా. పిల్లలకి నేర్పేదే అది."

తాత తల దించుకున్నాడు.

"ఒక్క పిల్లైనా వాడి పక్షాన రాస్తుందేమోనని మూడు నెలలుగా కిటికీ కింద కూర్చుంటున్నానమ్మా."

టీచరమ్మ వ్యాసాల కట్ట పక్కన పెట్టింది.

"అసలివన్నీ నీకెలా తెలుసు?"

"అప్పుడు అక్కడే ఉన్నాను."

గుమ్మం దగ్గర హాజరు పట్టీ పట్టుకుని నిలబడ్డ పిల్ల ఆ మాట విననే వింది. భోజనాల వేళకి బడంతా గుప్పుమంది. గంట తాతే ఆ గేటు మనిషట!

మర్నాడు పొద్దున్నే తల్లిదండ్రులు వచ్చిపడ్డారు.

"పదకొండుమందిని పొట్టన పెట్టుకున్నవాణ్ణి మా పిల్లల మధ్య తిప్పుతారా?"

హెడ్మాస్టరు టీచరమ్మ వైపు చూశాడు. "మీరేమంటారు?"

"ఆయన నోటితోనే చెప్పాడు సార్, అక్కడున్నానని," అంది టీచరమ్మ. ఒక్క ఆధారంతోనే పిల్లలు తీర్పు రాస్తే ఒప్పుకోదు, తను మాత్రం రాసేసింది.

"నువ్వేనా?" అని తాతని నిలదీశాడు హెడ్మాస్టరు.

"నేను కాదంటే వాడి మీదున్న నింద పోతుందా సార్?"

ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ అది ఒప్పుకోవడంలాగే వినిపించింది.

తాత తాళంచెవి బల్ల మీద పెట్టాడు. వెళుతూ వెళుతూ టీచరమ్మ దగ్గర ఆగాడు.

"ఒక్కళ్ల చేతనైనా రెండో పక్షం రాయించమ్మా. నీకు పుణ్యముంటుంది."

ఆమె ముఖం తిప్పుకుంది.

పదిహేను రోజులకి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. ముసలాయన పోయాడట. ఆస్పత్రి చీటీలో 'నా అన్నవాళ్లు' అన్నచోట ఈ బడి పేరు రాయించాడట. శవాన్ని తీసుకెళ్లేవాళ్లెవరూ లేరట.

హెడ్మాస్టరు అటు వెళ్లాడు. తాత ఉంటున్న గది ఖాళీ చేయించడానికి టీచరమ్మ వెళ్లింది. వెళ్లకపోతే అన్నం సహించేలా లేదు ఆమెకి.

అగ్గిపెట్టెంత గది. చాప, నీళ్ల చెంబు, రేకు పెట్టె. పెట్టెలో రెండు చొక్కాల కింద ఆ నవల దొరికింది. గేటు మనిషి వచ్చిన ప్రతి పేజీ అంచునా పెన్సిలు రాత. ఒకచోట 'తాగలేదు'. ఒకచోట 'మూడుసార్లు చెప్పాడు'. వ్యాన్ని రైలు గుద్దిన పేజీలో అక్షరాలు చెరిగి, కాగితం ఉబ్బిపోయి ఉంది.

నవల మధ్యలో మడతల దగ్గర చిరిగిపోతున్న టైపు కాగితం. ఆనాటి విచారణలో ఇచ్చిన వాంగ్మూలం. తీగ, కబుర్లు, ఎర్రజెండా, పరుగు అన్నీ ఉన్నాయి. అడుగున అధికారి రాసిన మాట: 'ఫైలులో లేని విషయాలు గనుక చెల్లవు.'

టీచరమ్మకి తన మాటే ఎదురొచ్చింది. పాపం, తాత తన కోసం తానే ఎంత మొత్తుకున్నాడో అనుకుంది.

అధికారి రాత పక్కనే సాక్షి సంతకం, ఆ వంకరటింకర అక్షరాల్లోనే. దాని కింద సాక్షి ఎవరో టైపు చేసి ఉంది:

'మృతుల్లో ఇద్దరు ఆడపిల్లల తండ్రి.'