కంకర దారిలో కలుపు

“ఆ డబ్బా గేటు దాటి లోపలికి రావడానికి వీల్లేదన్నయ్యగారూ!”

ఎదురింటి ఓవర్సీరు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు. చేతిలో కలుపుమందు డబ్బా, భుజాన స్ప్రే పంపు. పాపం, సాయం చేద్దామనే వచ్చాడు.

“ఒక్కసారి కొడితే చాలమ్మా, కంకర మొత్తం అద్దంలా అయిపోతుంది. పొద్దస్తమానం వంగి వంగి మీ ఇద్దరి నడుములూ విరుగుతున్నాయి. చూడలేక తెచ్చాను.”

“విరగనివ్వండి. మా నడుములే కదా.”

“అది కాదు చెల్లెమ్మా…”

“తీసుకెళ్ళండి!”

కంకరలో గొంతుక్కూర్చుని గరిక లాగుతున్న ఆమె భర్త ఆ అరుపుకి ఉలిక్కిపడి తలెత్తాడు. ఆయన పంపుల మెకానిక్కు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె పరాయివాళ్ళ మీద గొంతు పెంచగా వినలేదు. ఓవర్సీరు ముఖం చిన్నబోయింది. “సరే బావగారూ, మీ ఇష్టం” అని డబ్బా పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

ఆమె గేటు గడియ వేసి, ఏమీ జరగనట్టు లోపలికి పోయి మరిగే నీళ్ళ గిన్నె పట్టుకొచ్చింది.

గేటు నుంచి వరండా మెట్ల దాకా కంకర పరిచిన దారి అది. కూతురు స్కూటర్ మీద ఉద్యోగానికి వెళ్ళి వస్తున్నన్నాళ్ళూ ఆ చక్రాల జాడలో ఒక్క పరక మొలిచింది లేదు. ఒకరోజు పిల్ల వెళ్ళింది, మళ్ళీ రాలేదు. లారీ డ్రైవరు చూసుకోలేదన్నారు. ఆ తర్వాత పడిన వానలకి ముందుగా గడ్డి లేచింది ఆ జాడలోనే. దాన్ని చూసిన నాటి నుంచి ఆయన ఆ జాడని వదల్లేదు. పంపులు బాగుచేసే షెడ్డు మూసేశాడు. ఎవరి పంపు ఆగిపోయినా కదలడు. కలుపు పీకడమొక్కటే పని.

అదైనా తెమిలే పని కాదు. మరిగే నీళ్ళు పోస్తే లేత మొక్కలు అక్కడికక్కడే వాలిపోతాయి. వెనిగర్ చల్లితే ఆకు మాడుతుంది గానీ వేరుకేమీ కాదు. తుంగైతే దేనికీ లొంగదు. రాళ్ళు పక్కకి లాగి, పాత స్క్రూడ్రైవరుతో కింద గడ్డ దాకా తవ్వుకుంటూ పోవాలి. ఒక్క గడ్డ తెగి మట్టిలో ఉండిపోయిందా, కథ మళ్ళీ మొదటికే. గేటు దగ్గర శుభ్రం చేసి తల తిప్పేసరికి మెట్ల దగ్గర పచ్చగా నవ్వుతుంటుంది.

“జరగండి, కాళ్ళ మీద పడతాయి.” ఆమె నీళ్ళు సన్నటి ధారగా పోసింది. రాళ్ళలోంచి ఆవిరి లేచింది.

“మంచికే కదా తెచ్చాడాయన? ఎందుకంతలా విరుచుకుపడ్డావు?”

“మందు కొడితే వానపాములు చస్తాయి.”

“కంకరలో వానపాములేమిటి?”

“మన బోరు నీళ్ళలోకి దిగుతుంది.”

“మొన్న పాలాయనతో తేనెటీగలన్నావు.”

“అవీ చస్తాయి.”

ఆయనకి ఒళ్ళు మండింది. అసలు సంగతి ఆయనకి తెలుసు. పిల్ల దినాలకి వచ్చిన ఆయన అక్క తిరిగి ఊరికి వెళ్తూ వెళ్తూ, “వాణ్ణి ఓ కంట కనిపెట్టి ఉండవే, మనిషి మనిషిలా లేడు” అని భార్య చెవిలో చెప్పడం ఆయన చెవిన కూడా పడింది.

“నాకు తెలియదనుకుంటున్నావా?” స్క్రూడ్రైవరు విసిరికొట్టాడు. “అలమారలో నిద్రమాత్రలేమయ్యాయి? బాత్రూము కడిగే యాసిడ్ సీసా ఏమయింది? నేను మేడ మీదికెళ్తే చాలు, వెనకాలే తయారు! నేనేమన్నా పసివాణ్ణా, కాపలా కాయడానికి?”

ఆమె ఖాళీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

ఆమెని అలా చూసి ఆయన గొంతు తగ్గించాడు.

“నిజమే. నాకు బతకాలని లేదు. నీ దగ్గర దాచేదేముంది? కానీ నిన్నొక్కదాన్ని వదిలేసి పోయేంత పాపాత్ముణ్ణి కాదు. నువ్వు చూడు, ఎంత గట్టిగా నిలబడ్డావో! వండుతున్నావు, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడుతున్నావు, ఒక్కనాడు కంటతడి పెట్టలేదు. నిన్ను చూసుకునే నేను తెల్లారి లేస్తున్నాను. ఒట్టు.”

ఆమె వంగి, ఆయన విసిరేసిన స్క్రూడ్రైవరు తీసి గిన్నెలో వేసింది.

“నా మోకాళ్ళు అయిపోయాయి. నీ చేతులు బొబ్బలెక్కాయి. ఈ కలుపుతో మనం గెలవలేం,” అంటూ ఆయన మెల్లగా లేచి గేటు వైపు నడిచాడు. “వెళ్ళి ఓవర్సీరుకి క్షమాపణ చెప్పి ఆ డబ్బా అడిగి తెస్తాను. పనయ్యాక మిగిలింది షెడ్డులో పెట్టి తాళం వేస్తాను. నా మీద అంత అనుమానమైతే, ఆ తాళంచెవి నీ చేతికే ఇస్తాను. సరేనా?”

గడియ మీద చెయ్యి వేశాడో లేదో, వెనక గిన్నె కంకరలో పడిన చప్పుడైంది. ఆమె పరుగున వచ్చి ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“మీ మీద అనుమానం కాదండీ,” అంది. “ఆ తాళంచెవి నా చేతికి మాత్రం ఇవ్వకండి.”