కొంగ పటం పెట్టె

"పటం మీరే ఉంచుకోండి షిగెజో గారూ. నాకు పెట్టె చాలు," అన్నాడు పాత వస్తువుల వ్యాపారి కుజుమాకి.

ఆ చెక్క పెట్టె మూత మీద, కొంగ పటం చేతులు మారినప్పుడల్లా కొత్త యజమాని రాసుకున్న పేరుంది. ఒక ప్రభువు, ఒక మఠాధిపతి, చివర షిగెజో వాళ్ళ తాత.

"మతి పోయిందా? పటం లేని పెట్టెతో ఏం చేస్తావయ్యా?"

"అసలు పటం నా దగ్గరే ఉంది. ఈ పేర్లు లేక ఎవరూ నమ్మడం లేదు. మీ ఇల్లు కారిన ఏడాది కినుయె గారు దాన్ని నాకమ్మారు."

పోయిన భార్య పేరు వినగానే షిగెజో గోడ మీది పటం వంక చూశాడు. ఏటా కొత్త సంవత్సరానికి దాన్ని వేలాడదీసి, వచ్చినవాళ్ళకు గొప్పలు చెప్పేవాడు. కినుయె దగ్గరికొస్తే కసిరేవాడు.

"మరి ఇది?"

"ఆవిడే గీశారు. అందుకే కొంగ మీలాగే మూతి ముడుచుకుంది."

"నువ్వూ ఏటా చూసి తలూపావు కదయ్యా."

"మీ ఇంట్లో సారా బాగుంటుంది మరి."

షిగెజో ఇంటికప్పు వైపు చూశాడు. పెంకులు ఎలా వచ్చాయో అతను ఒక్కనాడూ అడగలేదు.

కుంచె సిరాలో ముంచి, మూత మీద తాత పేరు కింద రాశాడు: 'గీసినది కినుయె.'

"పెట్టె పాడుచేశారు కదండీ," అన్నాడు కుజుమాకి నీరుగారిపోయి.

"పో. ఇక నీ దగ్గరున్నదే నకిలీ."