పాతూరు కాలువ

"అవ్వా, పాతూర్ల అసలు కాల్వే లేదు," అంది షాజియా, పాత రెవెన్యూ పటాన్ని అరుగు మీద పరుస్తూ. "నిజాంసాగర్ కాల్వ బోధన్ దిక్కుంది. గోదావరి ఒడ్డు ఊరికి అదెట్ల వస్తది?"

బీడీ చుడుతున్న గంగుబాయి వేళ్లు ఆగాయి.

"పటం తప్పుంటది," అంది తలెత్తకుండా.

షాజియా యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ప్రాజెక్టు నీళ్లలో మునిగిన ఊళ్లను జనం ఎలా గుర్తుపెట్టుకుంటారన్నది ఆమె విషయం. నందిపేట్ దగ్గరి ఈ పునరావాస కాలనీలో, పాతూరును కళ్లారా చూసినవాళ్లలో ఎనభై ఏళ్ల ఆత్మారాం ఒక్కడే మిగిలాడు. ఆయనకు రెండేళ్లుగా మతి నిలవడం లేదు. భార్య గంగుబాయి ఆయన బదులు ఊరి ముచ్చట్లు చెబుతుంటే పక్కన కూర్చుని తలూపుతాడు. మూడు రోజులుగా షాజియా అదంతా రికార్డు చేసుకుంది.

"పటం గవర్నమెంటుది అవ్వా. ఒక్కొక్క ఇల్లు, పొలంతో సహా ఉన్నది. దీంట్ల కాల్వ లేదు, చెరుకు తోటలు లేవు. నువ్వు చెప్పిన మూలమలుపు ఇల్లు కూడ లేదు."

మంచం మీది ఆత్మారాం దిగ్గున లేచాడు. "మా ఇల్లు లేదా?"

"గట్ల కాదు తాతా, కాల్వ సంగతి..."

ఆయన వినలేదు. చేతికర్ర అందుకుని, చెప్పులైనా వేసుకోకుండా వాకిలి దాటాడు. "నేను ఇంటికి పోత. ఎటు పోవాలె? ఎవలు చెప్తలేరేంది?"

గంగుబాయి బీడీల చాట పక్కన పడేసి ఉరికింది. పోయిన నెల ఇలాగే వెళ్లిన మనిషిని, చేపలు పట్టేవాళ్లు మొలలోతు నీళ్లలోంచి పట్టుకొచ్చారు. ఆమె ఆయన ముంజేయి పట్టుకుంది.

"కాల్వ ఒడ్డెంబడి పోతె మలుపు కాడ మన ఇల్లు. ముంగట జామచెట్టు. ఎనక చెరుకు తోట. బండ్లు ఫ్యాక్టరీకి పోతుంటె పోరలు ఎనకనుంచి గడలు గుంజుతుండె. యాదికొచ్చిందా?"

ఆత్మారాం మొహంలో బెదురు తగ్గింది.

"కాల్వల నేను ఈత కొట్టిన," అన్నాడు.

"కొట్టినవ్. దా, కూసో."

ఆయన వచ్చి బుద్ధిగా మంచం మీద కూర్చున్నాడు. షాజియా గబగబా పటం మడిచేసింది. తన వల్ల ఎంత పని జరిగేది? అయినా ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషే కాలువ ఉందంటుంటే కాదనడానికి తనెవరు? తను వెతికేది ఊరి కొలతలు కాదు, మనుషుల జ్ఞాపకం. 'పటంలో లేని కాలువ' అని నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు గీసింది. ఒక అధ్యాయానికి సరిపోతుంది.

"మాఫ్ చెయ్యి అవ్వా. తాత చెప్పినట్టే రాస్త."

షాజియా బ్యాగు సర్దుకుని రోడ్డు మీదికి వచ్చి ఆటో కోసం చూస్తుంటే, గంగుబాయి వెనకాలే వచ్చి నిలబడింది.

"బిడ్డా, గదంత పుస్తకంల వస్తదా?"

"వస్తది. పది మంది చదువుతరు. ఊరు మునిగినా తాత యాది నిలుస్తది."

"రాయకు."

"ఎందుకవ్వా?"

గంగుబాయి వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. ఆయన అక్కడే ఉన్నాడు.

"నేను కోడలిగ వచ్చేసరికే ఆ ఊరు నీళ్లల్ల ఉంది. మతి ఉన్నన్ని దినాలు ఆయన దాని ముచ్చట ఒక్కటి చెప్పలే. అడిగితె అన్నం ముంగటనుంచి లేచి పోతుండె." ఆమె గొంతు తగ్గించింది. "నేను చెప్తున్నది మా తల్లిగారి ఊరు బిడ్డా, బోధన్ కాడిది."