అనకూడని ఆఖరి మాట

“ఆగు! అక్కడ ఆగమన్నానా! జనం నవ్వాలి కదే!”

ఆంబ్రోస్ పెల్హమ్ పక్క మీద నుంచే చేతికర్రతో మంచం కోడును టకటకా కొట్టాడు. పనిమనిషి వేషం వేసే ఐవీ ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“క్రితం నెల బాగానే ఆగేదానివి. ఇప్పుడేంటి, వెనక పులి తరుముతున్నట్టు తరవాతి మాట మీదకి దూకుతున్నావు? నవ్వుకి చోటివ్వని ప్రహసనం భోజనం పెట్టని పెళ్లి లాంటిదమ్మాయ్.”

ఐవీ కథానాయకుడు రూపర్ట్ వంక చూసింది. రూపర్ట్ కిటికీలోంచి సముద్రాన్ని చూడసాగాడు.

పెల్హమ్‌కు ఎనభై ఒకటో ఏడు. ఒకప్పుడు ఆయన ప్రహసనాలు లండన్‌లో ఒకేసారి మూడు హాళ్లలో ఆడేవి. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ తరవాత ఇరవై ఏళ్లు ఆయన గుమ్మం తొక్కిన నాథుడు లేడు. పోయిన ఏడాది పట్టుబట్టి ఒక నాటకం రాశాడు. ఏడు తలుపులు, నలుగురు మొగుళ్లు, ఒక పనిమనిషి. అదృష్టం బాగుండి ఒక కంపెనీ ఒప్పుకుంది. ఇంతలో గుండె మొరాయించింది. మెట్లు దిగకూడదన్నాడు డాక్టరు. దాంతో నటులే రైలెక్కి ఈ సముద్రపు ఊరికి వచ్చి, ఆయన పడగ్గదిలోనే రిహార్సల్ చేస్తున్నారు. బీరువా తలుపొకటి, స్నానాలగది తలుపొకటి, మిగతా అయిదూ ఊహించుకోవడమే.

“జనం నవ్వారన్న మాట ఒక్కసారి చెవిన పడితే చాలు. ఆ తరవాత పోయినా నాకు చింత లేదు” అని కనపడ్డవాళ్లందరితోనూ అనేవాడు పెల్హమ్.

కానీ తెర లేచే రోజు వెనక్కి జరుగుతూనే ఉంది. ఒకసారి రూపర్ట్ గొంతు పూడుకుపోయిందన్నారు. ఇంకోసారి హాలు కప్పు కారుతోందన్నారు. ఇప్పుడు శనివారమంటున్నారు.

ముసలాయనకు అనుమానం పట్టుకుంది. పట్టుకోక ఏం చేస్తుంది? పదిహేను రోజులుగా ఇంట్లోకి పేపరు రాలేదు. గదిలో టెలిఫోను కింది హాల్లోకి మారిపోయింది. చూడ్డానికి వచ్చిన పాత స్నేహితుణ్ని కూతురు విన్నీ గేటు దగ్గరే ఏదో చెప్పి పంపేయడం కిటికీలోంచి ఆయన కళ్లారా చూశాడు. నిన్నయితే మెట్ల మీద గుసగుసలు వినపడ్డాయి.

“ఇంకెన్నాళ్లండీ ఇలా?” అంటోంది ఐవీ.

“వారం పది రోజులన్నాడు డాక్టరు. అప్పటిదాకా ఎలాగో లాగుదాం” అన్నాడు రూపర్ట్.

ఆ మాట విన్నప్పటి నుంచీ పెల్హమ్‌కు ముద్ద దిగడం లేదు. ముగింపు మార్చమని రూపర్ట్ ఇదివరకు రెండుసార్లు అడిగాడు. ఈ కాలం జనానికి అది ఎక్కదట! అంటే తను కన్ను మూసేదాకా ఆగి, ఆ తరవాత నాటకం మెడ విరుస్తారన్నమాట.

“విన్నీ, నేను పోయేదాకా ఆగుదామనే కదా మీ ఎత్తు?” అని అడిగేశాడు.

విన్నీ కప్పులో టీ పోస్తూ తల తిప్పుకుంది. “అవేం మాటలు నాన్నా!”

“అయితే పేపరేదీ?”

“సమ్మె నాన్నా.”

“పదిహేను రోజులా? సరే, శనివారం తెర లేస్తుందని నా కళ్లలోకి చూసి చెప్పు.”

విన్నీ దుప్పటి సర్దడంలో పడిపోయింది. “లేస్తుంది నాన్నా. టీ చల్లారిపోతుంది, తాగండి.”

కన్నకూతురే! పెల్హమ్ టీ కప్పును పక్కకు నెట్టేశాడు.

“ఆఖరి అంకం మొత్తం ఆడండి. ఒక్క మాట మారినా ఊరుకోను” అన్నాడు.

ఆడారు. రూపర్ట్ నలుగురు మొగుళ్లూ తానే అయి బీరువాలో దూరాడు, మంచం కింద దూరాడు. ఎక్కడా తడబాటు లేదు. ఇంత బాగా వచ్చిన నాటకాన్ని ఎందుకు తొక్కిపెడుతున్నారో పెల్హమ్‌కు అర్థం కాలేదు.

ఇక మిగిలింది ఆఖరి మాట. రంగస్థలం వాళ్లకు ఒక పట్టింపుంది. మొదటి ఆట నాడు జనం ముందు తప్ప, నాటకంలోని ఆఖరి మాటను ఎవరూ పైకి అనరు. అంటే ఆ నాటకం మునిగినట్టే. రిహార్సల్‌లో ఆ చోటు రాగానే ఐవీ ఎప్పుడూ “లల్లల్లా” అని ఊరుకునేది.

ఈసారి ఐవీ కళ్లనిండా నీళ్లున్నాయి. గిర్రున తిరిగి, ట్రే గుండెలకు హత్తుకుని, గబగబా అనేసింది.

“అమ్మగారూ, ఇంకో తలుపుంది!”

విన్నీ చేతిలోని కప్పు కింద పెట్టి మంచం దగ్గరకు వచ్చింది.

“అనేశావా!” పెల్హమ్ మొహం పాలిపోయింది. “తెరైనా లేవకుండా అనేశావా! యాభై ఏళ్లలో నా నాటకాల్లో ఒక్కరూ చెయ్యని పని! నా నోట్లో మట్టి కొట్టావు కదే!”

“అలవాటులో నోరు జారిందండీ, క్షమించండి” అంటూ ఐవీ మంచం పక్కన కూలబడి ఏడ్చింది.

ఆయన ఆ మాట విన్నట్టు లేదు. కాసేపు రొప్పి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“విన్నీ, శనివారం వద్దు. దోషం పోవాలి. ఇంకో వారం వెనక్కి జరపమని ఫోన్ చెయ్యి. ఇప్పుడు తెర లేపితే నా నాటకం మునిగిపోతుంది. అప్పటిదాకా నేను బతుకుతాలే. బతికి తీరతాను.”

“అలాగే నాన్నా, ఇప్పుడే చేస్తాను” అంది విన్నీ, ఆయన నుదురు నిమురుతూ.

జనం రాక ఆ నాటకాన్ని ఎత్తేసి అప్పటికే పదకొండు రోజులైంది.