చిటికెన వేలు

ఈసారి కూడా గురి తప్పితే కోడలి ఉద్యోగం ఊడినట్టే. బ్యాంకు డబ్బు మోసే వ్యానుకు ఆమె గార్డు. నడుం విరిగి మంచాన పడ్డ మొగుడు, బడికెళ్లే పిల్ల, అత్తగారు, అందరికీ ఆమే ఆధారం. రెండుసార్లు పరీక్ష తప్పింది. మూడోదే ఆఖరిది.

లోపం కంటిలో లేదు, వేలిలో ఉంది. రివాల్వర్‌కి ట్రిగ్గర్ పూర్తిగా వదలాలి, లేకపోతే రెండో తూటా పేలదు. పిస్టల్‌కి వేలి కింద ‘టిక్’ తగిలేదాకా వదిలితే చాలు. అంతకు మించి వదిలితే చెయ్యి అదిరి తూటా ఎటో పోతుంది. కంగారులో ఈ మహాతల్లి దీనిది దానికీ, దానిది దీనికీ చేసేది.

దారిలో పెట్టింది అత్తగారే. ఫొటో అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. పెళ్లికి ముందు తుపాకులు బాగుచేసే కొట్టులో ఊడ్చేదాన్నని చెప్పి, వంటింట్లోనే బడి పెట్టేసింది. మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రే సీసా రివాల్వర్. గ్యాస్ లైటర్ పిస్టల్.

“అమ్మాయ్, అది సీసా. పూర్తిగా వదులు! ఇది లైటరు. టిక్ అనగానే ఆగు. చిటికెన వేలు పిడి కిందికి మడువు. ఆఁ, ఇక చెయ్యి కదలదు.”

“అత్తయ్యా, పాలు పొంగిపోతున్నాయి!”

“పాలు పోతే పోయాయి. ఉద్యోగం పోతే?”

పరీక్ష రోజున అత్తగారు గుమ్మం దాకా వచ్చింది. “ఎవరు నేర్పారంటే నా పేరెత్తకు. అత్త దగ్గర తుపాకీ నేర్చుకుందంటే నలుగురూ నవ్వుతారు.”

పరీక్ష పెట్టేది రిటైరైన పోలీసు అధికారి. నవ్వడం అంటే ఏమిటో తెలియని మనిషి. ఎప్పుడో తూటా దెబ్బ తిన్న ఎడమ చెయ్యి పైకి లేవదు. టోపీ సర్దుకోవాలన్నా కుడిచెయ్యే.

పన్నెండింట్లో పది తగలాలి. రివాల్వర్‌తో ఆరింట్లో ఒకటి పోయింది. పిస్టల్ అందుకుంది. మొదటి తూటాయే పక్కకు పోయింది.

ఇంకొక్కటి తప్పినా ఇంటికే. ‘లైటరు, లైటరు’ అనుకుంటూ చిటికెన వేలు మడిచింది. నొక్కింది. టిక్. నొక్కింది. టిక్. ఐదుకి ఐదూ నల్లచుక్కలోకే!

వెనక్కి తిరిగేసరికి అధికారి ఆ చుక్కను చూడటం లేదు. ఆమె చేతినే చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“చిటికెన వేలు అలా మడవడం ఎవరు నేర్పారు?”

“ఎవరూ లేరు సార్. నేనే... వంటింట్లో, గ్యాస్ లైటర్‌తో.”

ఆయన కాగితం మీద కలం పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి సంతకం గీకి వెళ్లిపోయాడు.

ఇంటికెలా వచ్చి పడిందో ఆమెకే తెలియదు. వస్తూనే అత్తగారిని చుట్టేసుకుంది.

“పాసయ్యాను అత్తయ్యా! కానీ ఆ పరీక్ష పెట్టినాయన ఉన్నాడే, నా చిటికెన వేలు చూసి దెయ్యాన్ని చూసినట్టు బిగుసుకుపోయాడు. ఎవరు నేర్పారని ఒకటే అడగడం. మీ పేరు మాత్రం చెప్పలేదులెండి.”

అత్తగారు స్టవ్ వైపు తిరిగి లైటర్ నొక్కింది. మొదటిసారి మంట అంటుకోలేదు.

“ఆయన ఎడమ భుజం ఇప్పుడెలా ఉంది?” అంది.