అట్టడుగున భీమిలి

ఇప్పుడు అందరిళ్లలోలాగే మా వంటింటి గోడకీ ఒక బ్యాక్‌లాగ్ ఉంది. చేయాల్సిన పనులన్నీ గోడే వరస పెడుతుంది. పొద్దున్నే మమ్మల్ని నిలబెట్టి, ఏది ఎంతవరకొచ్చిందో అడుగుతుంది. చెప్పేదాకా కాఫీ ఇవ్వదు.

ఈరోజు గోడ గొంతు సవరించుకుంది. "అట్టడుగున 'హైమవతితో భీమిలి బీచ్' అని ఉంది. మీ పెళ్లయినప్పటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు. తీసేయనా?"

"వద్దొద్దు!" కంగారుపడ్డాను. "వచ్చే రెండు వారాల స్ప్రింట్‌లో చేసేస్తాను."

"ప్రతి స్ప్రింట్‌కీ ఇదే మాట. మొన్న గీజరు రిపేరు దీన్ని దాటేసింది, నిన్న బొద్దింకల మందు."

మా ఆవిడ హైమవతి స్టవ్ కట్టేసింది. "తీసెయ్ గోడా."

అలిగిందనుకుని నేను వెనక్కి తిరిగేసరికి, గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"పదండి, ఇప్పుడే వెళ్దాం. అది ఆ లిస్టులో ఉన్నన్నాళ్లూ మీరు వెనక్కి జరుపుతూనే ఉంటారు."